మేఘనాద్ సాహా: ప్రశ్న అందరిదీ

కేసపుత్త అనే ఊళ్లో కాలాములనే జనం ఉండేవారు. ఆ ఊరికి ఒకరి తర్వాత ఒకరు గురువులు వచ్చేవారు. ప్రతివాడూ తన మాటే నిజమనీ, ఎదుటివాడిది తప్పనీ చెప్పి పోయేవాడు. ఎవర్ని నమ్మాలో ఆ జనానికి తోచలేదు. బుద్ధుడు వచ్చినప్పుడు తమ గోడు ఆయనతో చెప్పుకున్నారు. పూర్వం నుంచి వస్తోందనో, గ్రంథంలో రాసి ఉందనో, చెప్పినవాడు గొప్పవాడనో దేన్నీ ఒప్పుకోవద్దని బుద్ధుడు వాళ్లకి చెప్పాడు. అది మేలు చేస్తుందో కీడు చేస్తుందో మీరే చూసుకొని ఒప్పుకోమన్నాడు.

ధమ్మ మిత్రులందరికీ ఈ సంగతి తెలిసిందే. అయితే ఇందులో ఒక విషయాన్ని మనం అంతగా పట్టించుకోం. బుద్ధుడు ఈ మాట చెప్పింది మామూలు ఊరి జనానికి. అంటే పరీక్షించి చూసే తెలివీ, హక్కూ ప్రతి మనిషికీ ఉన్నాయని ఆయన ఒప్పుకున్నట్టే. సైన్సూ, ప్రజాస్వామ్యమూ రెండూ నిలబడేది ఈ ఒప్పుదల మీదనే.

ఈ పుస్తకంలో మనం చెప్పుకోబోయే మనిషి బౌద్ధ దీక్ష తీసుకున్నవాడు కాదు. భౌతికశాస్త్రవేత్త. పేరు మేఘనాద్ సాహా. అయినా ఆయన జీవితం ధమ్మ మార్గంలో నడిచేవాళ్లు తెలుసుకోవలసిన జీవితం.

కంచం కడుక్కున్న కుర్రాడు

1893 అక్టోబరు 6న, ఢాకా దగ్గర సియోరాతలి అనే పల్లెలో మేఘనాద్ పుట్టాడు. ఇప్పుడది బంగ్లాదేశ్‌లో ఉంది. తండ్రి జగన్నాథ్ సాహాకి చిన్న కిరాణా కొట్టు. ఎనిమిదిమంది పిల్లల్లో మేఘనాద్ ఐదోవాడు. ఆనాటి బెంగాల్ కులాల నిచ్చెనలో వాళ్లది కింది మెట్టు. మొదట పెట్టిన పేరు మేఘనాథ్. పెద్దయ్యాక ఆయనే దాన్ని మేఘనాద్ అని మార్చుకున్నాడు. మేఘనాదుడంటే ఎవరో మనకు తెలుసు కదా, రావణుడి కొడుకు ఇంద్రజిత్తు.

పల్లెలో ప్రాథమిక బడి అయిపోయింది. పై చదువుకి బడి పది కిలోమీటర్ల దూరాన ఉంది. కొట్లో కూర్చోబెడితే చాలనుకున్నాడు తండ్రి. అన్న జయనాథ్ మాత్రం తమ్ముణ్ని చదివించాలని పట్టుబట్టాడు. అనంత కుమార్ దాస్ అనే డాక్టరు తన ఇంట్లో ఉండనిచ్చి తిండి పెట్టడానికి ఒప్పుకున్నాడు. షరతు ఏమిటంటే, కుర్రాడు ఆవుని చూసుకోవాలి, తిన్న కంచం తానే కడుక్కోవాలి. కులం తక్కువ కాబట్టి ఆ ఇంట్లో వేరేవాళ్లు ఆ కంచం ముట్టుకోరు. ఆ డాక్టరు చేసిన మేలుని సాహా జీవితాంతం కృతజ్ఞతతో తలచుకున్నాడు. మేలూ, అంటరానితనమూ ఒకే ఇంట్లో, ఒకే అన్నం ముద్దలో కలిసి ఉండటం మన సమాజంలో కొత్త కాదు.

కుర్రాడు ఢాకా జిల్లా మొత్తానికి మొదటివాడిగా వచ్చాడు. నెలకు 4 రూపాయల స్కాలర్‌షిప్ దొరికింది. జనపనార మిల్లులో పనిచేసే అన్న తన కొద్దిపాటి జీతంలోంచి నెలకు 5 రూపాయలు పంపేవాడు. 1905లో ఢాకా కాలేజియేట్ స్కూల్లో చేరాడు. అది బెంగాల్ విభజన ఏడాది. గవర్నర్ ఫుల్లర్ వచ్చినప్పుడు జరిగిన నిరసనలో ఉన్నాడని బడిలోంచి తీసేశారు. స్కాలర్‌షిప్ పోయింది. వేరే బడి చేర్చుకోబట్టి చదువు ఆగలేదు.

1911లో కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీకి వచ్చాడు. సత్యేంద్రనాథ్ బోస్ తోటి విద్యార్థి. జగదీశ్ చంద్ర బోస్, ప్రఫుల్ల చంద్ర రే గురువులు. అంతకంటే గొప్ప చదువు ఆనాడు దేశంలో దొరకదు. కానీ ఈడెన్ హిందూ హాస్టల్లో అగ్రకులాల పిల్లలు ఆయన పక్కన కూర్చుని తినమన్నారు. సరస్వతీ పూజకి రావద్దన్నారు. చదువుల తల్లి పూజకే చదువులో ముందున్నవాడు పనికిరాకపోయాడు! చివరికి హాస్టల్ వదిలి బయట ఉండవలసి వచ్చింది.

చదువు అయ్యాక ప్రభుత్వ ఆర్థికశాఖ పరీక్ష రాద్దామనుకున్నారు. విప్లవకారులతో పరిచయాలున్నాయని అనుమతి ఇవ్వలేదు. అశుతోష్ ముఖర్జీ పిలిచి 1916లో కొత్త సైన్సు కాలేజీలో ఉద్యోగం ఇచ్చారు. బోస్‌తో కలిసి సాహా ఐన్‌స్టీన్ సాపేక్షతా పత్రాలను జర్మన్ నుంచి ఇంగ్లీషులోకి తెచ్చారు. 1920లో కలకత్తా విశ్వవిద్యాలయం ఆ పుస్తకం అచ్చు వేసింది.

వచ్చి చూడు

అదే 1920లో సాహాకి ప్రపంచమంతా పేరు తెచ్చిన పని బయటికొచ్చింది. దాన్ని తేలిక మాటల్లో చెప్పుకుందాం.

సూర్యకాంతిని గాజు పట్టకం గుండా పంపితే ఇంద్రధనుస్సులాంటి రంగుల పట్టీ పడుతుంది. జాగ్రత్తగా చూస్తే ఆ పట్టీలో సన్నని నల్లగీతలుంటాయి. ఒక్కో మూలకానికి ఒక్కో రకం గీతలు, మనిషికి వేలిముద్రలాగ. ఒక్కో నక్షత్రంలో ఒక్కో రకం గీతలు ఎందుకు కనిపిస్తున్నాయన్నది అప్పటికి తేలని ప్రశ్న. గీతలు లేకపోతే ఆ మూలకమే అక్కడ లేదని కొందరు అనుకునేవారు. సాహా దీన్ని వేరుగా చూశారు. వేడి బాగా పెరిగితే పరమాణువు తన ఎలక్ట్రాన్‌ని పోగొట్టుకుంటుంది. ఒత్తిడి తక్కువగా ఉన్నచోట ఇది ఇంకా సులువుగా జరుగుతుంది. ఎలక్ట్రాన్ పోయిన పరమాణువు గీతలు మారిపోతాయి. కాబట్టి గీతల్ని చదివి నక్షత్రం వేడి ఎంతో చెప్పవచ్చు. ఎంత వేడికి, ఎంత ఒత్తిడికి ఎన్ని పరమాణువులు అలా మారతాయో లెక్కగట్టే సమీకరణం ఆయన ఇచ్చారు. దాన్ని ఇవాళ్టికీ సాహా సమీకరణం అనే అంటారు.

సూర్యుడిలో రుబీడియం గీతలు ఎందుకు కనిపించడం లేదో కూడా ఆ లెక్క చెప్పింది. సూర్యుడి మీది మచ్చలు చుట్టుపక్కల కంటే చల్లగా ఉంటాయి కాబట్టి అక్కడ వెతికితే కనిపించాలి. అమెరికాలో రస్సెల్ వెతికి చూశాడు. కనిపించింది! 1925లో సిసిలియా పేన్ అనే యువతి ఈ సమీకరణంతోనే లెక్కలు వేసి, నక్షత్రాల్లో ఎక్కువ భాగం హైడ్రోజనే అని చూపించింది.

మిత్రులారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. రస్సెల్ ఆ మచ్చల్లో వెతికేటప్పుడు సాహా కులం ఏమిటని అడగవలసిన పని లేకపోయింది. చెప్పిన మాట నిజమా కాదా అన్నదే ప్రశ్న. ధమ్మానికున్న లక్షణాల్లో ఒకటి ఏహిపస్సికో, అంటే వచ్చి చూడు అని పిలిచేది. సైన్సూ అదే పిలుపు పిలుస్తుంది. కలకత్తా హాస్టల్లో పక్కన కూర్చోనివ్వని మనిషిని 1927లో లండన్ రాయల్ సొసైటీ ఫెలోగా ఎన్నుకుంది.

చేతికీ తలకీ మధ్య గోడ

సాహా అలహాబాదులో 15 ఏళ్లు పాఠాలు చెప్పి 1938లో కలకత్తా తిరిగొచ్చారు. అప్పటికే, 1935లో, సైన్స్ అండ్ కల్చర్ అనే పత్రిక మొదలుపెట్టారు. ఆ రోజుల్లో ఆయన చేసిన ఒక ప్రసంగం పెద్ద గొడవ రేపింది. మన దేశం ఎందుకు వెనకబడిందని అడిగి, ఆయన కులం వైపు వేలు చూపించారు. మగ్గం నేసేవాణ్ని, ఇనుము కొట్టేవాణ్ని, కుండ చేసేవాణ్ని కింద కూర్చోబెట్టి, మంత్రం వల్లించేవాణ్ని పైన కూర్చోబెట్టింది ఈ సమాజం. చేత్తో పని చేసేవాడికి చదువు లేదు, చదువున్నవాడు చేత్తో పని ముట్టడు. చేతికీ తలకీ సంబంధం తెగిపోయింది. ప్రయోగం పుట్టేది ఆ రెండూ కలిసినచోట. గురువు ప్రఫుల్ల చంద్ర రే కూడా హిందూ రసాయనశాస్త్ర చరిత్ర రాస్తూ ఈ మాటే చెప్పి ఉన్నారు.

విమర్శలు వచ్చాయి. సాహా జవాబిస్తూ ఒక అనుభవం చెప్పారు. తన సిద్ధాంతాన్ని ఢాకాలో ఒక లాయరుకి వివరిస్తుంటే, ఇందులో కొత్తేముంది, అన్నీ వేదాల్లో ఉన్నవే కదా అని ఆ పెద్దమనిషి తేల్చేశాడట. ఏ వేదంలో ఎక్కడుందని సాహా అడిగితే, తాను చదవలేదనీ, ఉంటుందని మాత్రం తెలుసనీ చెప్పాడట. సాహా ఆ గ్రంథాలను ఏళ్ల తరబడి చదివి వెతికారు. ఆధునిక విజ్ఞానం అక్కడ దొరకలేదని నిర్మొహమాటంగా రాశారు. చదవకుండా నమ్మడం లాయరు పద్ధతి. చదివి చూసి కాదనడం సాహా పద్ధతి. కాలాములకు బుద్ధుడు నేర్పింది ఏ పద్ధతో మీరే ఆలోచించండి.

దామోదర్ నది దగ్గర ఇద్దరు

1938లో సుభాష్ చంద్ర బోస్ కాంగ్రెస్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు జాతీయ ప్రణాళికా సంఘం ఏర్పడింది. దాని వెనక సాహా ఒత్తిడి చాలా ఉంది. రాట్నంతో మాత్రమే దేశం పేదరికం పోదనీ, విద్యుత్తూ పరిశ్రమలూ కావాలనీ ఆయన వాదించారు.

1943 జులైలో దామోదర్ నది కట్ట తెంచుకుంది. రైలు మార్గం కొట్టుకుపోయి కలకత్తాకి దారులు తెగిపోయాయి. బెంగాల్ అప్పటికే కరువులో చస్తోంది. వరదలపై వేసిన విచారణ సంఘంలో సాహా సభ్యుడు. అమెరికాలో టెనెస్సీ లోయలో చేసినట్టు నది మొత్తాన్ని ఒకే యూనిట్‌గా తీసుకుని ఆనకట్టలు కట్టాలని ఆయన వాదన. అదే సమయంలో వైస్రాయ్ కౌన్సిల్లో కార్మికశాఖ సభ్యుడిగా ఉన్నది బాబాసాహెబ్ అంబేద్కర్. 1945 జనవరిలో కలకత్తాలో దామోదర్ పథకంపై సమావేశానికి ఆయనే అధ్యక్షత వహించారు. బళ్లో విడిగా కూర్చోబెట్టబడ్డ ఒకాయన, హాస్టల్లో పక్కన కూర్చోనివ్వని ఇంకొకాయన, ఒకే నది గురించి ఆలోచించారు. 1948లో దామోదర్ వ్యాలీ కార్పొరేషన్ వచ్చింది.

ఇక్కడ రెండో పక్క కూడా చెప్పుకోవాలి. తిలైయా, కోనార్, మైథాన్, పంచెట్ ఆనకట్టలతో కరెంటు వచ్చింది, వరదలు తగ్గాయి. ఆ నీళ్ల కిందే ఎన్నో పల్లెలు, ఆదివాసీల పొలాలు మునిగాయి. ఆ జనాన్ని ముందు అడిగినవాళ్లు లేరు. లెక్కలు సరిగ్గా ఉన్నంత మాత్రాన న్యాయం జరిగినట్టు కాదు. ఎవరి ఇల్లు మునుగుతుందో వాళ్లకి ప్రశ్న అడిగే చోటు ఉండాలి. ఆ చోటు పేరే ప్రజాస్వామ్యం.

పార్లమెంటులో శాస్త్రవేత్త

స్వాతంత్ర్యం వచ్చాక 1948లో అణుశక్తి సంఘం ఏర్పడింది. పని రహస్యంగా సాగాలని చట్టమే చెప్పింది. సాహాకి ఇది నచ్చలేదు. అణు విజ్ఞానంపై ఆయనకి వ్యతిరేకత ఏమీ లేదు. కలకత్తాలో అణు భౌతికశాస్త్ర సంస్థ పెట్టిందే ఆయన. 1950 జనవరిలో దాన్ని ఇరీన్ జోలియో-క్యూరీ ప్రారంభించారు. ఇప్పుడది సాహా పేరుతోనే ఉంది. కానీ ముందు విశ్వవిద్యాలయాల్లో మనుషుల్ని తయారుచేయాలనీ, ప్రజల డబ్బుతో చేసే పని ప్రజలకి తెలియాలనీ ఆయన పట్టు.

1952లో మొదటి సాధారణ ఎన్నికల్లో కలకత్తా వాయవ్య స్థానం నుంచి స్వతంత్ర అభ్యర్థిగా నిలబడి కాంగ్రెస్‌పై గెలిచారు. లోక్‌సభలో వరదలు, శరణార్థులు, చదువు, పరిశ్రమల గురించి అంకెలతో నిలదీశారు. 1954 మేలో అణుశక్తిపై చర్చ తెచ్చింది ఆయనే. నెహ్రూతో పాత స్నేహం సన్నబడింది. అయినా అడగడం మానలేదు.

బౌద్ధ సంఘంలో ప్రతిపాదన పెట్టేవారు, చర్చించేవారు, తేలకపోతే శలాకలతో ఓటు తీసుకునేవారు. పార్లమెంటు పద్ధతి మనకు కొత్త కాదని బాబాసాహెబ్ రాజ్యాంగ సభలో గుర్తుచేసింది ఇందుకే. పెద్ద పదవిలో ఉన్నవాణ్ని కూడా సంజాయిషీ అడగగలగడం ఆ పద్ధతిలో ప్రాణం.

సంక్రాంతి లెక్క

సాహా చేసిన చివరి పెద్ద పని పంచాంగ సంస్కరణ. దేశంలో సుమారు 30 రకాల పంచాంగాలు నడిచేవి. 1952లో ప్రభుత్వం వేసిన సంఘానికి ఆయన అధ్యక్షుడు. 1955లో నివేదిక వచ్చింది.

మనం ఉత్తరాయణం సంక్రాంతికి, అంటే జనవరి 14న మొదలవుతుందని అనుకుంటాం. ఆకాశంలో సూర్యుడు ఉత్తరానికి తిరిగేది డిసెంబరు 22 ప్రాంతంలో. 23 రోజుల తేడా! పాత సిద్ధాంతాల్లో ఏడాది పొడవు అసలు రుతువుల ఏడాది కంటే కొంచెం ఎక్కువ. ఆ తేడా సుమారు 60 ఏళ్లకు ఒక రోజు. 1,400 ఏళ్లలో అది 23 రోజులైంది. పాత లెక్కగాళ్లు తమ కాలానికి చూసి రాసినవాళ్లే. తర్వాతివాళ్లు పైకి చూడటం మానేసి వాళ్ల పుస్తకాన్నే చూస్తూ పోయారు. ఆ సంఘం సూచించిన శక సంవత్సర జాతీయ పంచాంగం 1957 మార్చి 22న అమల్లోకి వచ్చింది. ప్రభుత్వ గెజిట్ మీద ఆ తేదీ ఇప్పటికీ ఉంటుంది. ఇళ్లలో మాత్రం పాత పంచాంగమే నడుస్తోంది.

అమలు చూడటానికి సాహా లేరు. 1956 ఫిబ్రవరి 16న ఢిల్లీలో ప్రణాళికా సంఘం ఆఫీసుకి నడిచి వెళ్తూ గుండె ఆగి పడిపోయారు. అదే ఏడాది అక్టోబరులో బాబాసాహెబ్ నాగపూర్‌లో ధమ్మ దీక్ష తీసుకున్నారు, డిసెంబరులో కన్నుమూశారు.

మనం చేయగలిగింది

సాహా జీవితం చదివి దండం పెట్టి పక్కన పెడితే లాభం లేదు. డిసెంబరు 22న మీ ఇంటి ముందు ఒక మీటరు కర్ర నిలబెట్టండి. మిట్టమధ్యాహ్నం, నీడ బాగా పొట్టిగా ఉన్న వేళ కొలవండి. సంక్రాంతి రోజు మళ్లీ కొలవండి. నీడ అప్పటికే 6 సెంటీమీటర్లు తగ్గి ఉంటుంది. అంటే సూర్యుడు ఎప్పుడో తిరిగాడు. ఈ కొలత పిల్లల చేత చేయించండి, ఆడపిల్లల చేత ముందు చేయించండి.

ఆ కొలిచిన చేతులతోనే మిగతావి కూడా అడగడం నేర్పండి. మన ఊరి పంచాయతీ లెక్క ఎంత, బడిలో ల్యాబ్ ఎందుకు లేదు, మధ్యాహ్న భోజనానికి పిల్లలందరూ ఒకే వరసలో కూర్చుంటున్నారా అని. విడిగా కంచం పెట్టిన చోట సైన్సూ పెరగదు, ప్రజాస్వామ్యమూ బతకదు. ధమ్మం అసలే ఉండదు.