ఇంటి తోటలో రైలు నడిపిన వాల్ట్ డిస్నీ

మిక్కీ మౌస్ బొమ్మ చూడని ఇల్లు మనలో ఉండదు. దాన్ని లోకానికి ఇచ్చిన వాల్ట్ డిస్నీ పేరూ అందరికీ తెలిసిందే. కానీ ఆయన తన ఇంటి తోటలో పట్టాలు వేయించి, బొగ్గుతో నడిచే చిన్న ఆవిరి రైలుకు తానే డ్రైవరుగా కూర్చుని అతిథులను తిప్పేవారన్న సంగతి కొద్దిమందికే తెలుసు. ఆ సరదాకు ఆయన లెక్క చూడకుండా ఖర్చుపెట్టారు. మూడేళ్లకు దాన్ని తన చేతులతోనే ఆపేశారు. ఎందుకు మొదలుపెట్టారు, ఎందుకు ఆపారు అన్నది తెలుసుకోదగిన కథ.

పట్టాల పక్కన బాల్యం

వాల్ట్ 1901 డిసెంబర్ 5న అమెరికాలోని షికాగోలో పుట్టారు. ఆయనకు నాలుగేళ్ల వయసులో కుటుంబం మిస్సోరి రాష్ట్రంలోని మార్సెలిన్ అనే చిన్న ఊరికి వెళ్లి వ్యవసాయం మొదలుపెట్టింది. ఆ ఊరి మీదుగా శాంటా ఫే రైల్వే లైను వెళ్తుంది. దగ్గరి బంధువు మైక్ మార్టిన్ ఆ లైనులోనే ఇంజిన్ డ్రైవరు. తండ్రి ఎలియాస్ కూడా వయసులో ఉండగా పట్టాలు వేసే పనికి వెళ్లినవారే. అలా రైలు కూత వింటూ పెరిగిన పిల్లవాడు వాల్ట్.

వ్యవసాయం నిలవలేదు. పొలం అమ్ముకుని కుటుంబం కాన్సాస్ సిటీకి మారింది. అక్కడ వాల్ట్ తెల్లవారకముందే లేచి ఇంటింటికీ పేపర్లు వేసేవాడు. 15 ఏళ్ల వయసులో ఒక వేసవిలో రైళ్లలో పేపర్లు, మిఠాయిలు, పళ్లు అమ్మే పనికి కుదిరాడు. ఆ పనిలో లాభం మిగల్లేదు. అయినా డ్రైవర్లను మంచి చేసుకుని ఇంజిన్‌లో ఎక్కి వెళ్లిన ఆనందం మాత్రం జీవితమంతా ఆయనతో ఉండిపోయింది. 1928లో తన బొమ్మ పాత్ర ఒకటి చేజారిపోయి న్యూయార్క్ నుంచి తిరిగి వస్తున్నప్పుడు, ఆ రైలు ప్రయాణంలోనే మిక్కీ మౌస్ ఆలోచన పుట్టిందని ఆయన తర్వాతి రోజుల్లో చెప్పుకునేవారు.

అలసిపోయిన మనిషికి ఆటబొమ్మ

పేరు వచ్చింది, దాంతో పాటు భారమూ వచ్చింది. 1941లో స్టూడియోలో సమ్మె జరిగింది. తర్వాత యుద్ధం, బ్యాంకు అప్పులు. పోలో ఆడుతూ పడినప్పుడు మెడకు తగిలిన పాత దెబ్బ నొప్పి పెడుతూనే ఉండేది. ఆయన కాస్త తేలికపడాలని దగ్గరివాళ్లు కోరుకునే స్థితి వచ్చింది.

1947 డిసెంబర్‌లో ఆయన కరెంటుతో నడిచే లయనెల్ రైలు బొమ్మ కొని ఆఫీసు పక్క గదిలో అమర్చుకున్నారు. చూపించడానికి పిలిచిన స్టూడియో చిత్రకారుల్లో ఇద్దరు ఆయనకంటే నాలుగు అడుగులు ముందున్నారు. వార్డ్ కింబల్ తన పెరట్లో నిజమైన పాత నేరోగేజ్ ఇంజిన్‌నే నడుపుతున్నారు. ఓలీ జాన్‌స్టన్ తన ఇంటి దగ్గర మనుషులు ఎక్కి కూర్చోగల చిన్న ఆవిరి రైలు కట్టుకుంటున్నారు. ఆ రెండూ చూశాక వాల్ట్‌కు బల్ల మీద తిరిగే బొమ్మ చాలలేదు. 1948 వేసవిలో కింబల్‌ను వెంటబెట్టుకుని షికాగోలో జరిగిన రైల్వే ప్రదర్శనకు వెళ్లి, పాత ఇంజిన్లు ఎక్కి నడిపి వచ్చారు.

భార్యతో ఒప్పందపత్రం

1949లో లాస్ ఏంజెలిస్ నగరంలో కారల్‌వుడ్ డ్రైవ్ అనే వీధిలో ఇంటి స్థలం కొన్నారు. రైలుకు వీలుగా ఉందా లేదా అన్నది కూడా చూసుకునే కొన్నారు. భార్య లిలియన్‌కు పూలతోట ముఖ్యం. ఆమె తోట చెడకూడదని వాల్ట్ ఒక చట్టబద్ధమైన పత్రంలా రాయించి, తన రైలుకు దారి ఇస్తున్నట్టు భార్య చేత, ఇద్దరు కూతుళ్ల చేత సంతకాలు పెట్టించారు. సగం సరదా, సగం నిజం అది. ఇంట్లోవాళ్ల అంగీకారం లేకుండా ఇలాంటి సరదా నిలవదని ఆయనకు తెలుసు.

పట్టాల మధ్య వెడల్పు ఏడుంపావు అంగుళాలు. మన బ్రాడ్‌గేజ్ వెడల్పు అయిదున్నర అడుగులు కాబట్టి ఎంత చిన్నదో ఊహించుకోవచ్చు. ఇంజిన్ అసలు దానిలో ఎనిమిదో వంతు. సెంట్రల్ పసిఫిక్ రైల్వే వారి పాత 173వ నంబరు ఇంజిన్ నమూనాలు తెప్పించి, దాన్ని చూసి చేయించారు. భార్య పేరు కలిసేలా దానికి లిల్లీ బెల్ అని పేరు పెట్టారు. మొత్తం లైను పొడవు 2,615 అడుగులు, అంటే దాదాపు అర మైలు. దారిలో 46 అడుగుల చెక్క వంతెన ఉండేది. లిలియన్ పూలమొక్కల కింద నుంచి 90 అడుగుల సొరంగం వెళ్లేది.

సొరంగం తిన్నగా తవ్వితే ఖర్చు తగ్గుతుందని పని చేయించే మేస్త్రీ సలహా ఇచ్చాడు. వాల్ట్ ఒప్పుకోలేదు. లోపలికి వెళ్లినవారికి అవతలి వెలుగు కనిపించకూడదని వంకర తిప్పించారు. ఖర్చే చూసుకుంటే అసలు తవ్వకపోవడమే చవక అన్నది ఆయన వాదన. ఆ సొరంగానికి ఎంతయిందో తనకు చెప్పవద్దని సెక్రటరీకి ముందే చెప్పారట.

డబ్బు ఇచ్చి చేయించుకోవడంతో ఆయన సరిపెట్టుకోలేదు. స్టూడియో మెషిన్ షాపు పెద్ద రోజర్ బ్రాగీ దగ్గర సాయంత్రాలు కూర్చుని, కొత్తగా చేరిన పనివాడిలా లేత్ పని, రేకు పని నేర్చుకున్నారు. కొన్ని చిన్న భాగాలు తన చేతులతో చేశారు. రైలు చివర ఉండే గార్డు బోగీని చాలావరకు తానే కట్టారు. అందులో పెట్టడానికి వేలెడంత ఇనుప పొయ్యి చేసి, అది నచ్చడంతో అలాంటివి మరికొన్ని పోత పోయించి, రంగులు వేసి స్నేహితులకు పంచారు. వందల మంది పనిచేసే సంస్థకు యజమాని అయిన మనిషికి, మొదటి నుంచి చివరి వరకు తన చేతిలోనే పూర్తయ్యే పని ఒకటి దొరికింది. ఆ సరదాలోని అసలు ఆకర్షణ అదే.

1949 క్రిస్మస్ ముందు రోజు స్టూడియోలో ఇంజిన్‌ను నడిపి చూశారు. 1950 మే 7న తోటలో రైలు కదిలింది. ఆదివారాలు అతిథులు వచ్చి పెట్టెల మీద కాళ్లు అటూ ఇటూ వేసి కూర్చుంటే, వాల్ట్ బొగ్గు వేస్తూ నడిపేవారు.

ఆపేసిన రోజు

బొమ్మలా కనిపించినా అది నిజమైన ఆవిరి యంత్రం. బాయిలర్ నిండా సలసల కాగే నీరు, ఒత్తిడితో ఉన్న ఆవిరి. 1953లో ఒక అతిథి చేతికి ఇంజిన్ ఇచ్చినప్పుడు, వంపు దగ్గర వేగం ఎక్కువై రైలు పట్టాలు తప్పింది. విరిగిన చోటు నుంచి ఎగిసిన ఆవిరి తగిలి అయిదేళ్ల పాప కాలింది. వాల్ట్ ఆ తర్వాత తోటలో రైలు నడపడం మానేశారు. ఇంజిన్‌ను తీసి స్టూడియోలో పెట్టించారు. అంత ఖర్చు, అంత శ్రమ పోసిన దాన్ని పక్కన పెట్టడానికి ఆయన వెనకాడలేదు.

రైలు మీద ప్రేమ మాత్రం పోలేదు. కుటుంబాలు కలిసి తిరిగే వినోద స్థలం కట్టాలన్న ఆలోచన అప్పటికే ఆయన మనసులో ఉంది. దానికి డబ్బు చాలక జీవిత బీమా మీద కూడా అప్పు తెచ్చారు. 1955 జులై 17న డిస్నీల్యాండ్ తెరుచుకుంది. దాని చుట్టూ ఆవిరి రైలు. లిల్లీ బెల్ ఇంజిన్ నమూనానే పెద్దది చేసి, మూడడుగుల గేజ్ మీద నడిపించారు. శ్రీకాకుళం, పర్లాకిమిడి వైపు మనవాళ్లు ఎక్కిన నౌపడా, గుణుపురం చిన్న రైలు గేజ్ రెండున్నర అడుగులు. డిస్నీల్యాండ్ రైలు గేజ్ దానికంటే అరడుగే ఎక్కువ. ఈసారి ఇంజిన్లు నడిపింది అతిథులు కాదు, శిక్షణ పొందిన సిబ్బంది. ప్రారంభం రోజున మాత్రం వాల్ట్ స్వయంగా ఇంజిన్‌లో వచ్చారు.

వాల్ట్ డిస్నీ 1966 డిసెంబర్ 15న ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో కన్నుమూశారు. తోటలో కూర్చుని రైలును అదుపు చేసిన చెక్క కొట్టాన్ని తర్వాత లాస్ ఏంజెలిస్‌లోని గ్రిఫిత్ పార్కుకు తరలించి భద్రపరిచారు. చిన్ననాటి మార్సెలిన్ పొలంలోని కొట్టంలా ఉండాలని ఆయన కట్టించుకున్నది అది. లిల్లీ బెల్ ఇప్పుడు శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆయన కుటుంబం నెలకొల్పిన మ్యూజియంలో ఉంది.