పశువైద్యురాలు ఆలీన్ కస్టు

పాడిగేదె ఈనలేక రాత్రియంతయు మూలుగుచున్నప్పుడును, కాడియెద్దు మేత మాని తలవాల్చి నిలిచినప్పుడును ఆ యింట నెవరికిని కన్ను మూతపడదు. అట్టి వేళ లాంతరు చేతబట్టి గొడ్లసావిడిలోనికి వచ్చిన వైద్యుని, నీవు ఏ పరీక్షలో నెగ్గితివని ఏ రైతును అడుగడు. హస్తవాసి మంచిదా కాదా యని చూచును. ఐర్లాండు దేశపు పడమటి పల్లెలలో ఇరువదవ శతాబ్దపు ప్రారంభమున అట్టి హస్తవాసి గల స్త్రీ యొకతె యుండెను. ఆమె పేరు ఆలీన్ కస్టు. బ్రిటిషు దీవులలో మొట్టమొదటి పశువైద్యురాలు ఆమెయే. పశువులు గలవారు ఆమెను తమ సావిళ్లలోనికి పిలుచుకొనిరి. చదువుకొన్న పెద్దల సభ ఆమెను తమ పట్టికలో చేర్చుకొనుసరికి ఆమెకు ఏబదినాలుగేండ్లు నిండినవి.

ఆలీన్ 1868వ సంవత్సరము ఫిబ్రవరి 7వ తేదీన ఐర్లాండులోని టిప్పెరరీ జిల్లాలో కార్డంగన్ అను చోట జన్మించెను. తండ్రి సర్ లియొపోల్డు కస్టు ఇంగ్లీషు ప్రభు వంశమువాడు. పెద్ద భూస్వామి యెస్టేటుపై అధికారిగా నుండి కౌలు వసూళ్లు చూచుచుండెను. ఐర్లాండు కౌలురైతులకు ఇట్టి యధికారులనిన గిట్టని కాలమది. ఆ బిడ్డకు మాత్రము ఆ పచ్చిక బీళ్లును, గుఱ్ఱములును, కుక్కలునే లోకము. పెద్దయైన పిమ్మట ఏమి చేయుదువని యడిగినచో పశువైద్యము చేసెదనని ఆ వయసుననే చెప్పెడిదని ఆమెను గూర్చి చెప్పుదురు. 1878లో తండ్రి గతించగా కుటుంబము ఇంగ్లండునకు తరలిపోయెను. తల్లికి విక్టోరియా రాణి యంతఃపురమున కొలువు దొరకెను. అన్నయగు చార్లెస్ నౌకాసైన్యమున చేరి, తరువాత ఐదవ జార్జి చక్రవర్తి పరివారమున నిలిచినవాడు. ఇట్టి యింటి ఆడుపిల్ల గుఱ్ఱపుసాలలో పేడ త్రొక్కుకొనుచు బ్రదుకుదుననినచో ఆ యింటివారికి ఎట్లుండునో ఊహింపవచ్చును.

మొదట ఆమె లండను నగరమున ఆసుపత్రిలో నర్సు పనికి శిక్షణ పొందజూచెను. ఆ పనియందు మనసు నిలువలేదు. నార్తంబర్లాండు జిల్లాలోని విడ్రింగ్టన్ కుటుంబపు పెద్ద ఆమెకు సంరక్షకుడుగా నుండెను; ఆయన ఆమె కోరికను ఎగతాళి చేయక ప్రోత్సహించెను. 1894 ప్రాంతమున ఆమె స్కాట్లండులోని ఎడింబరో నగరమునకు పోయి పశువైద్య కళాశాలలో చేరెను.

పశువైద్యమును పాఠశాలలో నేర్పు పద్ధతి అప్పటికి మిక్కిలి ప్రాచీనమైనది కాదు. పశువుల మహమ్మారి యూరపుఖండమున మందలను మందలుగా తుడిచిపెట్టుచుండగా, ఫ్రాన్సుదేశమున లియోన్ నగరమందు క్లోద్ బూర్జెలా యనువాడు 1761లో రాజానుమతి పొంది మొదటి పశువైద్య పాఠశాలను నెలకొల్పెను. లండనులో అట్టిది 1791లో ఏర్పడెను. 1844లో బ్రిటను పశువైద్యుల సంఘమునకు రాజశాసనము లభించి, అది రాయల్ కాలేజి అను పేర పరీక్షలు జరుపసాగెను. కళాశాలలు పాఠములు చెప్పును. పరీక్షించి పట్టికలో పేరు వ్రాయునది రాయల్ కాలేజి. 1881లో వచ్చిన చట్టము ప్రకారము ఆ పట్టికలో పేరు లేనివాడు తన్ను వెటర్నరీ సర్జనని చెప్పుకొనరాదు. ఈ చట్టము మంచిదే. నాటు మందులు పోసి గొడ్లను చంపి రూకలు దండుకొను మోసగాండ్రనుండి రైతును కాపాడుటకే అది పుట్టినది. ఐనను గట్టు ఎత్తుగా కట్టినచో వఱదయు రాదు, నీరును రాదు.

ఆలీను చేరిన కళాశాల అధిపతి విలియం విలియమ్సు. అతడు అదే నగరమున పేరుపొందిన మఱియొక పశువైద్య కళాశాలకు అధిపతిగా నుండి, 1873లో దానిని విడిచి, విద్యార్థులను పెక్కుమందిని వెంటబెట్టుకొని వచ్చి క్రొత్త కళాశాలను స్థాపించినవాడు. మొండివాడని చెప్పవచ్చును. అట్టి మొండివాడు గనుకనే స్త్రీని చేర్చుకొనెను. తరగతిలో ఆమె తప్ప వేరొక స్త్రీ లేదు. కుటుంబమునకు తలవంపులు రాకుండ ఆమె తన యింటిపేరును కొంచెము మార్చి కస్టన్స్ అని వ్రాయించుకొనెను.

పశువైద్య విద్య సులభమైనదని తలచువారు కలరు. మనుష్య వైద్యము నేర్చువానికి ఒక్క దేహమును ఎఱిగిన చాలును. పశువైద్యము నేర్చువాడు గుఱ్ఱమును, ఆవును, గొఱ్ఱెను, పందిని, కుక్కను వేఱువేఱుగా ఎఱుగవలెను. ఆవునకు కడుపు నాలుగు గదులుగా నుండి తిన్నమేత నెమరునకు తిరిగి వచ్చును. గుఱ్ఱమునకు ఒక్కటే కడుపు, అది వాంతి చేసికొనలేదు. కావున కడుపు ఉబ్బినదన్న మాట ఒక్కటియైనను ఈ రెండింటికిని చేయవలసిన చికిత్స ఒక్కటి కాదు. రోగి నొప్పి యెక్కడనో చెప్పడు. పైగా తన్నును, కఱచును. చచ్చిన గుఱ్ఱమును బల్లపై బెట్టి కండరమును కండరమును విడదీసి చూచుట మొదలు, ఈనలేని ఆవు కడుపులోనికి భుజమువఱకు చేయి చొనిపి అడ్డము తిరిగిన దూడను సరిచేయుటవఱకు అన్నియు నేర్వవలయును. కోడెలకు బీజములు తీయుట కూడ అందు భాగమే. స్త్రీ యెదుట ఇట్టివి పలుకుటయే తప్పని తలచు సమాజమది. మొదటి సంవత్సరమున జంతుశాస్త్రమందు బంగారు పతకము ఆలీనుకే వచ్చెను.

చిక్కు పరీక్షకడ వచ్చినది. 1897లో ఆమె రాయల్ కాలేజివారి పరీక్షకు కూర్చుండబోగా వారు ఒప్పుకొనలేదు. తమ శాసనమున విద్యార్థి యను మాటకు పురుషుడనియే యర్థమని వారి వాదము. ఒక విషయము ఇచట గమనింపదగియున్నది. స్త్రీలను వైద్యులుగా చేర్చుకొనవచ్చునని బ్రిటిషు పార్లమెంటు 1876లోనే చట్టము చేసియుండెను. మనిషి నాడి పట్టుటకు తగిన చేయి ఆవు పొదుగు పట్టుటకు ఏల తగదో ఆ పెద్దలకే తెలియవలెను.

ఆమె ఎడింబరోలోని ఉన్నత న్యాయస్థానమున దావా వేసెను. రాయల్ కాలేజి లండనులో నున్నది, స్కాట్లండు న్యాయస్థానమునకు దానిపై అధికారము లేదని తీర్పు వచ్చెను. ఒక తాలూకా తగవును మఱియొక తాలూకా మునసబు కోర్టున వేసినచో త్రోసివేయుటవంటిదే యిది. న్యాయము ఇటున్నదా అటున్నదా యను మాట ఎవరును విచారింపనే లేదు. లండనులో తిరిగి దావా తెచ్చుటకు త్రోవయుండెను. ఆమె తేలేదు. ఖర్చునకు వెఱచెనో, రాణివాసమున కొలువుచేయు తల్లి పేరు పత్రికలకెక్కుటకు వెఱచెనో!

పరీక్ష లేదని తెలిసిన పిమ్మట పుస్తకము మూయువారే లోకమున నెక్కువ. ఆలీను కళాశాలను విడువలేదు. తోడివారు ఒక్కొక్క పరీక్షయు దాటి పోవుచుండగా తాను ఏ పరీక్షయు లేకయే 1900వఱకు చదువు ముగించెను. ఈమె విద్య పూర్తిచేసినదని విలియమ్సు వ్రాసియిచ్చిన యోగ్యతాలేఖ యొక్కటి ఆమె చేతికి వచ్చినది. ఆ సంవత్సరమే విలియమ్సు మరణించెను.

ఆ లేఖతో ఆమె పుట్టిన దేశమునకు తిరిగివచ్చెను. ఐర్లాండులోని రాస్కామన్ జిల్లాలో, ఏథ్లీగు గ్రామము దాపున, విలియం బర్న్ అను పశువైద్యుడు ఆమెను సహాయురాలిగా చేర్చుకొనెను. ఇతడు ఈ విద్యలో స్త్రీలకును చోటుండవలెనని వాదించినవాడు. 1881 చట్టము బిరుదును మాత్రమే కాపాడినది. పట్టిక లేనివారు పశువునకు మందు ఇయ్యరాదని చెప్పలేదు. అట్టి నిషేధము 1948లో గాని రాలేదు. కావున ఆమె వైద్యము చేయవచ్చును, వైద్యురాలనని పలక కట్టుకొనరాదు. ఆమె చేసినదియు అదియే.

రాస్కామన్ పచ్చిక నేల. వానలు మెండు, పల్లపు బీళ్లలో నీరు నిలుచును. అట్టి తడినేలలో మేసిన గొఱ్ఱెలకు కార్జపు జలగ పట్టును. ఆ పురుగు చెఱువు గట్ల చిన్న నత్తలలో పెరిగి గడ్డివెంట గొఱ్ఱె కడుపులోనికి పోవునని 1880 దశకమున శాస్త్రజ్ఞులు కనుగొనిరి. మన యేటిగట్టు గొఱ్ఱెలకాపరులకు ఈ రోగము క్రొత్తది కాదు. దవడక్రింద నీరు దిగిన గొఱ్ఱెను వారు చూచియే యుందురు. ఇట్టి సీమలో వైద్యునకు పగలు రాత్రి యను భేదము లేదు. ఆలీను గుఱ్ఱమెక్కి, ఆ కాలపు స్త్రీల రీతిని రెండు కాళ్లును ఒక ప్రక్కకే వేసి కూర్చుండి, బురదదారుల వెంట పల్లెపల్లెకు తిరిగెను. కౌలు వసూలు చేయు అధికారి కూతురు కౌలురైతు గొడ్లసావిడిలో మోకాళ్లమీద కూర్చుండి దూడను బయటికి లాగుట ఐర్లాండులో అంతకు పూర్వము ఎవరును చూచియుండరు.

1905లో గాల్వే జిల్లా బోర్డువారు ఆమెను పశువైద్య ఇన్‌స్పెక్టరుగా నియమించిరి. దొమ్మ, గాలికుంటు, గొఱ్ఱెల గజ్జి మొదలగు అంటురోగములు ఎచ్చట పుట్టినను పరీక్షించి, మందను ప్రత్యేకించి, ప్రభుత్వమునకు తెలుపుట ఆ ఉద్యోగపు పని. రాయల్ కాలేజి వారు వెంటనే అభ్యంతరము చెప్పిరి. పైయధికారులు నియామకమును త్రోసివేసిరి. జిల్లా బోర్డు వెనుదీయలేదు. మరల ఆమెనే ఎన్నుకొనెను. తుదకు కుదిరిన రాజీ విచిత్రమైనది: పని ఆమె చేయవచ్చును, జీతము పుచ్చుకొనవచ్చును, ఇన్‌స్పెక్టరు అన్న మాటకు ముందు వెటర్నరీ యను మాట మాత్రము ఉండరాదు. రోగము గల గొఱ్ఱెలకు ఆ ఒక్క మాట లోపము తెలిసినట్లు లేదు.

1910లో బర్న్ మరణించెను. వైద్యమంతయు ఆలీను మీదనే పడెను. ఆమె ఫోర్టు లిస్టర్ అను ఇంటికి మారి, ఐదేండ్లు ఒంటిగా ఆ పని సాగించెను.

మొదటి ప్రపంచయుద్ధము వచ్చెను. ఆ యుద్ధమున ఫిరంగులను, ఆహారమును లాగినవి గుఱ్ఱములును కంచరగాడిదలును. గుండ్లచేత చచ్చినవానికంటె చలిచేతను, గజ్జిచేతను, అలసటచేతను చెడినవి మెండు. 1915లో ఆలీను ఫ్రాన్సుదేశమునకు పోయెను. సైన్యపు పశువైద్య శాఖలో ఆమెకు స్థానము లేదు, కావున వై. ఎం. సి. ఏ. సంఘపు స్వచ్ఛందసేవికగా పోయి, అబ్బెవీల్ పట్టణము చెంత నున్న గుఱ్ఱపు ఆసుపత్రులలో పనిచేసెను. 1918లో స్త్రీల సహాయక దళమున చేరి రోగక్రిములను పరీక్షించు ప్రయోగశాలలో నియుక్తురాలయ్యెను.

యుద్ధము ముగిసిన పిదప 1919లో బ్రిటిషు పార్లమెంటు, స్త్రీయను కారణమున ఎవరిని ఏ వృత్తినుండియు తొలగింపరాదని చట్టము చేసెను. ఇక రాయల్ కాలేజికి తప్పించుకొను దారి లేకపోయెను. ఆలీను మరల అర్జీ పెట్టెను. ఆమె పూర్వపు చదువును, యుద్ధసేవను లెక్కించి, కడపటి పరీక్ష మాత్రమే ఇచ్చిన చాలునని అంగీకరించిరి. ఇరువదిరెండేండ్లు గొడ్లసావిళ్లలో తిరిగిన స్త్రీని బల్లయెదుట నిలిపి ప్రశ్నలడిగిరి. ఆమె నెగ్గెను. 1922 డిసెంబరు 21వ తేదీన రాయల్ కాలేజి అధ్యక్షుడు హెన్రీ సమ్నరు ఆమెకు యోగ్యతాపత్రము నిచ్చెను. కాదన్న నాటినుండి ఔనన్న నాటికి ఇరువదియైదేండ్లు. ఒక గ్రంథాలయము పుట్టి రజతోత్సవము జరుపుకొనునంత కాలము ఆ కాగితము కొఱకు గడచినదన్నమాట.

అందుకు రెండు వారములకు ముందే ఐర్లాండు స్వతంత్ర పరిపాలన పొందియుండెను. దేశమున అంతఃకలహము చెలరేగుచుండెను. పట్టికలో పేరున్న వైద్యురాలిగా ఆమె ఆ పల్లెలలో పనిచేసినది సుమారు రెండేండ్లే. మరుసటి సంవత్సరమున, అనగా 1923లో, లివర్‌పూలులో చదివిన ఈడిత్ నైట్ అను యువతి అన్ని పరీక్షలును వరుసగా దాటి పట్టిక కెక్కెను. ఆమెను ఎవరును ద్వారమువద్ద ఆపలేదు. నేడు బ్రిటను పశువైద్యుల పట్టికలో సగమునకు మించి స్త్రీలే.

1924లో ఆలీను తన వైద్యాలయమును అమ్మి, దక్షిణ ఇంగ్లండులో అడవి యంచున నున్న ప్లెయిట్‌ఫర్డు పల్లెకు పోయి కుక్కలతోను గుఱ్ఱములతోను కాలము గడపెను. ఆమె పెండ్లి చేసికొనలేదు. 1937 జనవరిలో స్నేహితులను చూచుటకు జమైకా ద్వీపమునకు పోయి, అచ్చటనే 29వ తేదీన గుండె ఆగి మరణించెను.

ఆమె వీలునామా తెఱచి చూడగా అందు ఐదువేల పౌనుల దానమొకటి యుండెను. పశువైద్యమున పరిశోధన చేయువారికి, ముఖ్యముగా స్త్రీలకు, విద్యార్థి వేతనముగా ఆ సొమ్ము వినియోగింపవలెనని ఆమె వ్రాసినది. దానిని అప్పగించినది రాయల్ కాలేజికే.