అధిపత్యం వలదన్న మదనపల్లె బాలుడు

మదరాసులో అడయారు నది సముద్రాన్ని చేరే చోట 1882 నుండి దివ్యజ్ఞాన సమాజపు ప్రధాన స్థానం ఉన్నది. 1875లో న్యూయార్కులో పుట్టిన ఈ సమాజానికి దేశదేశాలలో శాఖలు ఏర్పడినవి. దాని అధ్యక్షులైన కర్నల్ ఆల్కాట్ 1907 ఫిబ్రవరిలో మరణించారు. తమ తరువాత అనిబిసెంటు ఆ స్థానంలోనికి రావాలని మహాత్ములే ఆదేశించినట్లు ఆయన అవసానదశలో ప్రకటించగా పెద్ద వివాదమే చెలరేగినది. అయినప్పటికీ సభ్యుల ఓట్లు తీసుకొన్న తరువాతనే ఆమె అధ్యక్షురాలయ్యారు. మహాత్ముల పేరు చెప్పినా ఓటు తప్పలేదన్నమాట! సరిగా రెండేండ్లకు అదే అడయారులో ఓటూ లేక, అభ్యర్థి అంగీకారమూ లేక, మరొక నాయకుని ఎంపిక జరిగినది. ఆ నాయకునికి అప్పటికి పదునాలుగేండ్లు.

జిడ్డు కృష్ణమూర్తి 1895 మే నెలలో మదనపల్లెలో ఒక తెలుగు బ్రాహ్మణ కుటుంబంలో జన్మించాడు. ఎనిమిదవ సంతానం కనుక కృష్ణుని పేరు పెట్టారు. తండ్రి నారాయణయ్య రెవెన్యూ శాఖలో ఉద్యోగి, దివ్యజ్ఞాన సమాజ సభ్యుడు. తల్లి సంజీవమ్మ 1905లో గతించినది. మలేరియాతో చిక్కి, ఎప్పుడూ పరధ్యానంగా ఉండే ఈ బాలుని ఉపాధ్యాయులు మందబుద్ధిగా ఎంచి దండించేవారు. పింఛను పుచ్చుకొన్న నారాయణయ్య సమాజంలో చిన్న కొలువు సంపాదించి 1909 జనవరిలో పిల్లలతో అడయారు చేరాడు.

ఆ ఏటి వేసవిలో నది ఒడ్డున ఈ బాలుడు సమాజ ప్రముఖులైన లెడ్‌బీటర్ కంటబడ్డాడు. బాలుని చుట్టూ స్వార్థం లేశమైనా లేని తేజోవలయం కనిపించినదని, రానున్న జగద్గురువుకు ఇతని దేహమే ఆవాసం కాగలదని లెడ్‌బీటర్ నిర్ణయించారు. ఇంతకుముందే ఆయన ఆ పదవికి చికాగోకు చెందిన హ్యూబర్ట్ అనే వైద్యుని కుమారుని ఎంచి ఉన్నారు. తల్లితో కూడ అడయారు వచ్చిన ఆ పిల్లవాడు పక్కకు తప్పుకోవలసివచ్చినది. అతని సంగతి చరిత్రకారులు ఒకటి రెండు వాక్యాలతో దాటవేస్తారు. ఎంపికైనవానికన్న తొలగింపబడినవాని బాధ తక్కువదా?

1911లో ప్రాచ్యతారా సంఘం అనదగిన ఒక అంతర్జాతీయ సంస్థ వెలసినది. దానికి కృష్ణమూర్తి అధిపతి, బిసెంటు సంరక్షకురాలు. ఈ ఎంపిక అందరికీ రుచించలేదు. జర్మనీ శాఖ నాయకుడు రుడాల్ఫ్ స్టైనర్ తన అనుచరులతో వేరుపడి మరొక సమాజం స్థాపించుకొన్నారు. ఇంతలో నారాయణయ్య మనసు మారినది. 1910లో తానే పత్రం వ్రాసి కృష్ణమూర్తిని, తమ్ముడు నిత్యానందను బిసెంటుకు అప్పగించిన తండ్రి, 1912లో బిడ్డలను తిరిగి ఇప్పించవలసినదని మదరాసులో దావా వేశాడు. 1913లో హైకోర్టు తండ్రి పక్షాన తీర్పు చెప్పినది. 1914లో లండనులోని ప్రీవీ కౌన్సిలు దానిని కొట్టివేసినది. ఇంగ్లండులో ఉంటున్న బాలుర అభీష్టం ఎవరూ విచారించలేదన్నది అందులో ఒక కారణం. ఐదేండ్లుగా ఆ ప్రశ్న ఎవరికీ తోచలేదు, తోచినది న్యాయస్థానానికి!

ఇంగ్లండులో కృష్ణమూర్తి పరీక్షలు మాటిమాటికి తప్పారు. మాతృభాషయైన తెలుగు క్రమంగా నాలుకను విడిచినది. సంస్థ మాత్రం దేశదేశాల వ్యాపించినది. హాలెండులో ఒక ప్రభువు తన కోటను, వేల ఎకరాల భూమిని సమర్పించారు. నిత్యానందకు క్షయవ్యాధి సోకగా, జగద్గురువు కార్యానికి అతడు అవసరం కనుక మరణం లేదని పెద్దలు ధైర్యం చెప్పారు. అన్న ఓడలో ఇండియాకు వస్తుండగా, 1925 నవంబరులో కాలిఫోర్నియాలోని ఓహాయిలో ఆ తమ్ముడు కన్నుమూశాడు. ఓడలో వార్త విన్న కృష్ణమూర్తి దినాల తరబడి విలపించారట. పెద్దల హామీలపై ఆయనకు మిగిలిన నమ్మకం ఆ సముద్రంలోనే కలిసినదని నాకు తోస్తుంది.

1929 ఆగస్టు 3. హాలెండులోని ఓమెన్ శిబిరంలో సుమారు మూడువేల మంది సభ్యులు కూర్చున్నారు. ఎనుబది దాటిన బిసెంటు కూడ అక్కడే ఉన్నారు. తనను చేరదీసి తల్లివలె పెంచిన ఆమె ఎదుటనే కృష్ణమూర్తి సంఘాన్ని రద్దు చేశారు. సత్యానికి నిర్ణీతమైన దారి లేదని, దానిని సంస్థగా కూర్చరాదని, తనకు శిష్యులు అక్కరలేదని వివరించారు. కోట, భూములు ఇచ్చినవారికే తిరిగి చేరినవి. మరుసటి ఏడు ఆయన దివ్యజ్ఞాన సమాజాన్ని కూడ విడిచారు. బిసెంటు 1933లో మరణించేవరకు ఆమెపై ఆయనకు గల ఆదరం తగ్గలేదు.

తరువాత అర్ధశతాబ్దికి పైగా దేశాలు తిరిగి ప్రసంగించారు. పుట్టిన ఊరికి చేరువనే రిషివ్యాలీ విద్యాలయం ఆయన ఆశయంతో నెలకొన్నది. బడిలో దెబ్బలు తిన్న ఆ బాలుడు పోలికలు, పోటీలు, దండనలు లేని చదువు ఉండాలని ఉపాధ్యాయులతో పదేపదే చెప్పారు. 1986 ఫిబ్రవరి 17న, తొంబదవ ఏట, తమ్ముడు పోయిన ఆ ఓహాయిలోనే మరణించారు. విద్యాలయాలు, గ్రంథాలు ధర్మకర్తల పాలనలో ఉన్నవి. తన బోధకు వారసునిగా మాత్రం ఆయన ఎవరినీ ఎన్నుకొనలేదు.