నోరులేని జీవాల డాక్టరు – జేమ్స్ హెరియట్

జేమ్స్ హెరియట్ పేరు ఇంగ్లీషు పుస్తకాలు చదివే అలవాటున్న మన సభ్యులకు కొత్త కాదు. ఆ పేరు మీద వచ్చిన పుస్తకాలు ప్రపంచం మొత్తం మీద ఆరు కోట్ల ప్రతులకు పైగా అమ్ముడుపోయాయి. కాని ఆ పేరుగల పశువుల డాక్టరు నిజానికి ఎక్కడా లేడు. అసలు మనిషి పేరు జేమ్స్ ఆల్‌ఫ్రెడ్ వైట్. తెలిసినవారు ఆల్ఫ్ అని పిలిచేవారు. ఉత్తర ఇంగ్లండులో, యార్క్‌షైర్ ప్రాంతంలో, థర్స్క్ అనే చిన్న సంత పట్టణంలో దాదాపు 50 ఏళ్ళపాటు పశువైద్యం చేశారు. తన వృత్తినే కథలుగా రాశారు. కీర్తీ ధనమూ వచ్చి పడిన తర్వాత కూడా ఆ ఊరినీ ఆ పనినీ వదలలేదు. ఆయన జీవితం గురించి నాలుగు మాటలు రాయాలనిపించడానికి ముఖ్య కారణం అదే.

ఆయన 1916 అక్టోబరు 3న సండర్లాండ్‌లో పుట్టారు. మూడు వారాల పసివాడుగా ఉండగానే తల్లిదండ్రులు స్కాట్లండులోని గ్లాస్గో నగరానికి మారారు. తండ్రి ఓడల కార్ఖానాలో పని చేస్తూ, మూకీ చిత్రాలు ఆడే హాళ్ళలో పియానో వాయించేవాడు. తల్లి సంగీతం నేర్చిన మనిషి, కుట్టుపని చేసి సంసారానికి సాయపడేది. ఒక్కడే కొడుకు. ఆ కుర్రవాడికి డాన్ అనే ఎర్రజూలు కుక్క ఉండేది. దానిని వెంటబెట్టుకొని గ్లాస్గో చుట్టుపక్కల గుట్టలన్నీ తిరిగేవాడు. కుక్కల చేష్టలను గంటల తరబడి గమనించడం అప్పటినుంచే అలవాటయింది. 13 ఏళ్ళ వయసులో మెకానో అనే పిల్లల పత్రికలో పశువైద్య వృత్తి గురించి ఒక వ్యాసం చదివాడు. జీవితమంతా కుక్కలతో గడపడానికి జీతం కూడా ఇస్తారన్న సంగతి అతనికి ఎంతో ఆశ్చర్యం కలిగించింది. తరువాత పశువైద్య కళాశాల ప్రిన్సిపాలు వాళ్ళ బడికి వచ్చి ఉపన్యసించడంతో మనసు స్థిరపడింది. భాషలలో చురుకైనవాడే గాని సైన్సులో అంతంతమాత్రం. అయినా ఆ ప్రిన్సిపాలు ధైర్యం చెప్పారు.

1933లో గ్లాస్గో పశువైద్య కళాశాలలో చేరారు. అప్పట్లో ఆ చదువంతా గుర్రం చుట్టూ తిరిగేది. గుర్రం తర్వాత ఆవు, ఆవు తర్వాత గొర్రె, పంది. కుక్కకూ పిల్లికీ చివరి స్థానం. విచిత్రమేమిటంటే వీళ్ళు గుర్రం వైద్యం నేర్చుకొని బయటికి వచ్చేసరికి పొలాలలోకి ట్రాక్టర్లు వచ్చి గుర్రాలే తగ్గిపోవడం మొదలైంది. అనారోగ్యం వల్లా, కొన్ని పరీక్షలు తప్పడం వల్లా ఆయన చదువు ఆరేళ్ళు సాగి 1939 డిసెంబరులో పూర్తయింది. ఆ రోజులలో ఆ దేశంలో పశువైద్యులకు ఉద్యోగాలు దొరకడం గగనంగా ఉండేది. పట్టా పుచ్చుకున్నవారు కొందరు తిండికీ బసకూ మాత్రమే పనిచేసిన రోజులవి. సండర్లాండ్‌లో కొన్ని నెలలు పనిచేసి, 1940 జులైలో థర్స్క్‌లో డొనాల్డ్ సింక్లెయిర్ అనే డాక్టరు వద్ద సహాయకుడుగా చేరారు. కిర్క్‌గేట్ వీధిలో 23వ నంబరు ఇల్లు. కింద వైద్యశాల, పైన నివాసం. పుస్తకాలలో సీగ్‌ఫ్రీడ్ అనే పేరుతో కనిపించే చంచల స్వభావుడు, దయామయుడు అయిన పెద్ద డాక్టరు ఈ సింక్లెయిరే. ఆయన తమ్ముడు బ్రయన్ ట్రిస్టన్ అయ్యాడు. ఊరు డారోబీ అయింది.

కుక్కల డాక్టరు కావాలనుకున్న పట్నవాసపు యువకుడు ఆ విధంగా ఆవుల డాక్టరయ్యాడు. చలికాలం అర్ధరాత్రి టెలిఫోను మోగితే లేచి, మంచులో కారు నడుపుకుంటూ కొండమీది పాకకు వెళ్ళాలి. చొక్కా విప్పి, నడుము పైకి ఏమీ లేకుండా, సబ్బునీళ్ళతో చెయ్యి తడుపుకొని, రాతినేల మీద బోర్లా పడుకొని, ఈనలేక అవస్థ పడుతున్న ఆవు కడుపులోని దూడ కాలు ఎటు మడతపడిందో చేత్తో వెతకాలి. గంటలు పట్టేది. పక్కన నిలబడ్డ రైతు తనకు తెలిసిన మరో డాక్టరు ఎంత గొప్పవాడో చెబుతూ ఉండేవాడు! మందులు కూడా అంతంతే. సల్ఫా మందులు అప్పుడప్పుడే వస్తున్నాయి. పెన్సిలిన్ యుద్ధం ముగిశాకగాని పశువుల దాకా రాలేదు. అంతవరకూ బీరువాలో వరుసగా పేర్చిన రంగురంగుల సీసాలే గతి. వాటిలో చాలావాటి వల్ల ఒరిగేదేమీ లేదని ఇచ్చే డాక్టరుకు కూడా తెలుసు.

1941 నవంబరు 5న జోన్ డాన్‌బరీ అనే ఆమెను పెళ్ళి చేసుకున్నారు. పెళ్ళయిన వెంటనే వెళ్ళిన ప్రయాణంలో కూడా డాక్టరుగారు చేసిన పని ఆవులకు క్షయ పరీక్ష. ఆవు మెడ చర్మంలోకి మందు ఎక్కించి, మూడు రోజుల తర్వాత వాపు ఎంతుందో కొలవాలి. వాపు పెరిగితే ఆ ఆవుకు క్షయ ఉన్నట్టు అనుమానించాలి. పాల ద్వారా పసిపిల్లలకు ఆ జబ్బు వచ్చే రోజులవి. కనుక ప్రభుత్వం ఈ పరీక్షలకు ఫీజు ఇచ్చేది. ఫీజుతో బాటు ఫారాలూ ఉండేవి. ఆవు చెవి నంబరు ఒకటి తప్పు పడితే మంత్రిత్వశాఖ కార్యాలయం నుంచి తాఖీదు వచ్చేది. ఈ ఫారాల బాధను ఆయన పుస్తకంలో ఎంతో హాస్యంగా వర్ణించారు. జీవితమంతా అటువంటి తాఖీదులు తయారుచేసిన నావంటివాడు చదివితే నవ్వూ వస్తుంది, కాస్త ఉలుకూ కలుగుతుంది.

యుద్ధకాలంలో 1942 చివర వైమానిక దళంలో చేరి విమానం నడపడం నేర్చుకున్నారు. ఆరోగ్యం సహకరించక ఏడాదికే, 1943లో తిరిగి వచ్చేశారు. కొడుకు జిమ్, కూతురు రోజీ. కొడుకు తండ్రి వృత్తినే చేపట్టాడు. కూతురు కూడా అదే చేస్తానంటే, ఆ చలిలో ఆ మోటు పని ఆడపిల్లకు వద్దని తండ్రి అడ్డుపడ్డారు. ఆమె మనుషుల డాక్టరు అయింది. ఈ విషయంలో ఆయన అభిప్రాయం కాలానికి నిలవలేదు. ఇప్పుడు బ్రిటన్‌లో పశువైద్యులలో ఆడవారే అధికం.

యుద్ధం తర్వాత క్రమంగా కుక్కలు, పిల్లులు వైద్యశాలకు రావడం పెరిగింది. ఆ పల్లె రైతుకు కుక్క అంటే గొర్రెలను కాచే పనివాడు. దాని జబ్బుకు డబ్బు ఖర్చు పెట్టడం తెలియదు. ఇంట్లో మనిషి లాగా పెంచుకునే కుక్క పట్నంలోనూ, ముఖ్యంగా ఒంటరి ముసలివారి ఇళ్ళలోనూ ఉండేది. హెరియట్ పుస్తకాలలో అందరికీ గుర్తుండిపోయేది ట్రికీ వూ అనే బొచ్చుకుక్క. దానిని ధనవంతురాలైన ఒక వితంతువు మిఠాయిలు తినిపించి తినిపించి చావుదాకా తెచ్చింది. డాక్టరు దానిని తన దగ్గర ఉంచుకొని చేసిన వైద్యం ఏమిటంటే, మందులేమీ లేవు. మంచినీళ్ళు, మిగతా కుక్కలతో పరుగులు. దాని బలానికని ఆవిడ రోజూ పంపిన గుడ్లూ, బ్రాందీ డాక్టర్లు ముగ్గురూ పంచుకున్నారు. చదివి నవ్వుకుంటాం. కాని ఆ ఇంట్లో ఆవిడ పిలిస్తే పలికే ప్రాణి ఆ కుక్క ఒక్కటే అన్న సంగతి డాక్టరు ఏనాడూ మరచిపోలేదు. ఎగతాళి చేయలేదు.

నాకు వీటన్నిటికంటే మనసులో నిలిచిపోయినది మరో కథ. ఒక ఇరుకు సందులో భార్య పోయిన ఒక పింఛనుదారు తన 14 ఏళ్ళ కుక్కతో ఉంటున్నాడు. కుక్క కడుపులో కంతి. కోయడానికి వీలు లేదు. బాధపడకుండా నిద్రపుచ్చడమే మంచిదని డాక్టరు చెప్పవలసి వచ్చింది. ముసలాయన కాసేపు మోకాళ్ళ మీద కూర్చుని దాని తల నిమిరి ఒప్పుకున్నాడు. పని అయ్యాక ఎంత ఇవ్వాలని అడిగితే డాక్టరు ఏమీ వద్దన్నాడు. కారు దాకా వచ్చేసరికి ముసలాయన వెనకనుంచి పరుగున వచ్చి, ఏదో పండుగనాటి నుంచి భద్రంగా దాచుకున్న చుట్ట ఒకటి చేతిలో పెట్టాడు. అంతే కథ. జబ్బుపడ్డ జీవిని సూది వేసి చంపడం మనవారిలో చాలామందికి మింగుడుపడదు. నాకూ పూర్తిగా సమ్మతం కాదు. కాని ఆ గదిలో డాక్టరు ఎదుట ఉన్నవి రెండు ప్రాణాలు. ఒకదానికి నొప్పి తీర్చాలి, రెండోదానికి మర్యాద దక్కాలి. రెండూ దక్కించడం పుస్తకంలో చదివి నేర్చేది కాదు. మరొక చోట, మంచాన పడిన ఒక వృద్ధురాలికి తన చావంటే భయం లేదు. జంతువులకు ఆత్మ లేదంటారే, అలాగైతే పైలోకంలో తన కుక్కలూ పిల్లులూ తనకు మళ్ళీ కనిపించవేమో అన్నదే దిగులు. ఆమె ఎక్కడికి వెళితే అవీ అక్కడికే వస్తాయని డాక్టరు తన నమ్మకంగా చెప్పి వచ్చాడు.

ఇన్ని ఇళ్ళలో దిగులు తీర్చిన మనిషికి సొంత దిగులు లేకపోలేదు. 1960 ప్రాంతంలో తీవ్రమైన మానసిక వ్యాకులత వచ్చి కరెంటు చికిత్స దాకా వెళ్ళింది. ఆవుల నుంచి అంటిన బ్రూసెల్లోసిస్ జ్వరం కూడా కొంతకాలం పీడించింది. ఇవి ఆయన పుస్తకాలలో పెద్దగా కనబడవు. తండ్రి పోయాక కొడుకు రాసిన జీవితచరిత్ర వల్ల లోకానికి వివరంగా తెలిశాయి. 1961లో గొర్రెలతో ఓడలో సోవియట్ రష్యాకూ, 1963లో ఆవులతో విమానంలో ఇస్తాంబుల్‌కూ వెళ్ళివచ్చారు.

రోజూ జరిగినవి ఇంట్లో చెబుతూ, పుస్తకం రాస్తానని పాతికేళ్ళుగా అంటూనే ఉండేవారు. 50 ఏళ్ళు నిండినవాళ్ళు కొత్తగా పుస్తకాలు రాయరులే అని భార్య ఒకనాడు అనేసింది. ఆ మాట పని చేసింది. రాత్రిళ్ళు, టీవీ ముందు కూర్చొని, ఇంట్లో అందరి మధ్యనే టైపు చేయడం మొదలుపెట్టారు. మొదట రాసినవి తిరిగివచ్చాయి. పట్టు వదలక రాస్తే 1970లో ఇఫ్ ఓన్లీ దే కుడ్ టాక్ వెలువడింది. నోరుంటే చెప్పుకునేవే పాపం అని మన ఇళ్ళలో అనుకుంటామే, దాదాపు అదే అర్థం. సొంత పేరుతో రాస్తే ప్రకటన చేసుకున్నట్టని అప్పటి పశువైద్యుల సంఘం నియమాలు ఒప్పుకునేవి కావు. ఒక రాత్రి టీవీలో ఫుట్‌బాల్ ఆట వస్తుంటే, బర్మింగ్‌హామ్ జట్టు గోల్‌కీపరు జిమ్ హెరియట్ బాగా ఆడాడు. ఆ పేరు పెట్టేసుకున్నారు. 1972లో అమెరికాలో మొదటి రెండు పుస్తకాలూ కలిపి ఆల్ క్రీచర్స్ గ్రేట్ అండ్ స్మాల్‌గా వేసినప్పటి నుంచి పేరు మారుమోగింది. 1978 నుంచి బిబిసి దానిని ధారావాహికగా చూపించింది. 1979లో రాణిగారు ఓ.బి.ఇ. బిరుదు ఇచ్చారు.

అప్పట్లో బ్రిటన్‌లో ఆదాయపు పన్ను పై తరగతిలో నూటికి 83 వంతులు ఉండేది. కొందరు రచయితలు పన్ను తక్కువగా ఉన్న చోట్లకు కాపురం మార్చేశారు. ఈయన కదలలేదు. పన్ను కట్టి థర్స్క్‌లోనే ఉండిపోయారు. అమెరికా నుంచి యాత్రికులు వచ్చి వైద్యశాల ముందు వరుసలో నిలబడితే పుస్తకాల మీద సంతకాలు పెట్టి, మళ్ళీ లోపలికి వెళ్ళి తన వంతు పని చూసుకునేవారు. 70 ఏళ్ళు దాటాక కూడా కొంతకాలం పశువులను చూశారు. తమ ఊరి రైతులు తన పుస్తకాల ఊసు ఎత్తకపోవడం ఆయనకు ఎంతో హాయిగా ఉండేదట. వాళ్ళకు ఆయన ఆవు ఈనకపోతే పిలిచే మనిషి, అంతే.

1991లో కాన్సరు బయటపడింది. 1995 ఫిబ్రవరి 23న థర్స్క్ దగ్గర థర్ల్‌బీ గ్రామంలో తన ఇంట్లోనే, 78వ ఏట కన్నుమూశారు. పెద్ద డాక్టరు సింక్లెయిర్ కూడా అదే ఏడాది జూన్‌లో పోయారు. అక్టోబరులో యార్క్ మహాదేవాలయంలో జరిగిన సంస్మరణకు రెండు వేలకు పైగా జనం వచ్చారు. కిర్క్‌గేట్‌లోని పాత వైద్యశాల 1999లో మ్యూజియం అయింది. ఆయన అస్థికలను మాత్రం కుటుంబంవారు ఊరికి పైనున్న వైట్‌స్టోన్ క్లిఫ్ అనే కొండ అంచున చల్లారు. కుక్కలను వెంటబెట్టుకొని ఆయన నడిచిన దారి అది.