బయాస్‌కు పేరు పెట్టిన గురువు – గ్యారీ కిల్డాల్



ఒకరోజు సాయంత్రం మన హాస్టల్ కంప్యూటర్ గదిలో ఒక కంప్యూటర్ ఆన్ చేయగానే నల్లని తెర మీద, బూట్ కావడానికి డిస్కు దొరకలేదని ఇంగ్లీషులో ఒక వాక్యం వచ్చి ఆగిపోయింది. హార్డ్ డిస్కు పోయిందని, ఫార్మాట్ చేయక తప్పదని, దాచుకున్న ప్రాజెక్టు పనంతా పోయినట్లేనని అందరం బెంబేలెత్తిపోయాము. ఇంతలో ఒక సీనియర్ అన్న వచ్చి, వెనుక ఎవరో మరచిపోయిన పెన్ డ్రైవ్ తీసి మళ్ళీ ఆన్ చేశాడు. కంప్యూటర్ మామూలుగా తెరుచుకుంది. బయాస్ సెట్టింగులలో బూట్ వరుసలో పెన్ డ్రైవ్ ముందు, హార్డ్ డిస్కు తరువాత ఉన్నాయని, దోషమల్లా అదేనని వివరించాడు.

ఆ బయాస్ అనే పేరు పెట్టిన మహనీయుడు గ్యారీ కిల్డాల్. ఆయన జీవితం మనందరం తెలుసుకోదగినది.

గ్యారీ కిల్డాల్ 1942 మే 19న అమెరికాలోని సియాటిల్ నగరంలో జన్మించారు. ఆయన కుటుంబం నౌకాయానం నేర్పే పాఠశాల నడిపేది. లెక్కల మాస్టారు కావాలని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో చేరిన గ్యారీ అక్కడ కంప్యూటర్ల మీద మక్కువ పెంచుకున్నారు. చదువు తరువాత మాంటెరీ పట్టణంలోని నౌకాదళ ఉన్నత విద్యాసంస్థలో అధ్యాపకుడయ్యారు. 1972లో డాక్టరేట్ పొందారు.

ఆ రోజుల్లో ఇంటెల్ సంస్థ చిన్న చిప్‌లను తయారు చేయసాగింది. వాటి కోసం కిల్డాల్ పి.ఎల్./ఎం. అనే ప్రోగ్రామింగ్ భాషను రూపొందించారు. 1974లో, ఫ్లాపీ డిస్కు మీద ఫైళ్ళను దాచి, పేరు చెప్పగానే తిరిగి తెచ్చే సి.పి./ఎం. అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను రాశారు. భార్య డొరొతీతో కలిసి డిజిటల్ రీసెర్చ్ అనే కంపెనీని స్థాపించారు.

అయితే ఒక చిక్కు వచ్చింది. ఒక్కో కంపెనీ యంత్రానిది ఒక్కో తీరు. ప్రతి యంత్రానికీ సిస్టమ్ అంతా మార్చి రాయాలంటే సాధ్యమా? కిల్డాల్ యంత్రాన్ని బట్టి మారే చిన్న భాగాన్ని వేరు చేసి, దానికి బేసిక్ ఇన్‌పుట్ అవుట్‌పుట్ సిస్టమ్, అంటే బయాస్ అని పేరు పెట్టారు. కొత్త యంత్రం వస్తే ఆ భాగం మాత్రం మారిస్తే చాలు, మిగతాది యథాతథంగా పనిచేస్తుంది. ఆయన బయాస్ డిస్కు నుంచి వచ్చేది. తరువాత ఐ.బి.ఎం. పి.సి.లో మదర్‌బోర్డు చిప్‌లో ఉండే ప్రోగ్రాముకు అదే పేరు నిలిచిపోయింది.

1980లో ఐ.బి.ఎం. ప్రతినిధులు సి.పి./ఎం. కోసం వచ్చినపుడు కిల్డాల్ వ్యాపారం పని మీద తన విమానంలో వెళ్ళారు. రహస్య ఒప్పందం మీద సంతకం దగ్గర మాటలు కుదరలేదు. జరిగినది ఒక్కొక్కరు ఒక్కో విధంగా చెబుతారు. కానీ ఆయన సరదాగా విమానంలో తిరుగుతూ అదృష్టాన్ని పోగొట్టుకున్నారన్న కథే లోకంలో పాకిపోయింది. చివరికి ఐ.బి.ఎం.కు మైక్రోసాఫ్ట్ డాస్‌ను అందించింది. దానికి మూలమైన సిస్టమ్‌ను టిమ్ పాటర్సన్ సి.పి./ఎం. తీరులోనే రాశారు. డిస్కు మీద ఫైళ్ళు అమర్చే ఫ్యాట్ పద్ధతి మాత్రం వేరు. పి.సి.తో డాస్ ధర 40 డాలర్లు, సి.పి./ఎం. ధర 240 డాలర్లు. జనం ఏది కొన్నారో వేరే చెప్పనక్కరలేదు.

కిల్డాల్ ఆగిపోలేదు. టెలివిజన్‌లో కంప్యూటర్ కార్యక్రమానికి సహ వ్యాఖ్యాతగా ఉన్నారు. విజ్ఞాన సర్వస్వాన్ని సి.డి. మీదికి తెచ్చారు. 1991లో ఆయన కంపెనీ నోవెల్ చేతికి వెళ్ళింది. 1994 జూలై 11న, తలకు తగిలిన గాయంతో, 52 ఏళ్ళకే కన్నుమూశారు. 2014లో ఆయన పనిచేసిన పసిఫిక్ గ్రోవ్‌లో ఇంజనీర్ల సంఘం స్మారక ఫలకం నెలకొల్పింది.

నేటి కంప్యూటర్లలో బయాస్ స్థానంలోకి యు.ఇ.ఎఫ్.ఐ. వచ్చింది. అయినా ఆ తెరను మనం బయాస్ అనే పిలుస్తున్నాము. డ్రైవులకు ఎ, బి, సి అని అక్షరాలు పెట్టే అలవాటు కూడా సి.పి./ఎం. నుంచి డాస్‌కు, డాస్ నుంచి విండోస్‌కు వచ్చినదే.

కనుక మిత్రులారా, కంప్యూటర్ తెరుచుకోకపోతే వెంటనే ఫార్మాట్ చేయకండి. ముందు పెన్ డ్రైవ్ తీయండి. బూట్ వరుస చూడండి. బయాస్ తెరలో హార్డ్ డిస్కు పేరు కనబడుతోందో లేదో చూడండి. విండోస్ ఉన్న డిస్కు జి.పి.టి. పద్ధతిలో ఉంటే సెట్టింగు యు.ఇ.ఎఫ్.ఐ.లోనే ఉండాలి, లెగసీకి మారిస్తే డిస్కు బాగున్నా తెరుచుకోదు. పెన్ డ్రైవ్‌లోకి పెద్ద సినిమా ఫైలు ఎక్కకపోతే అది పాడైనట్లు కాదు. ఫ్యాట్32లో ఒక ఫైలు 4 జి.బి. దాటకూడదు. అందులోని ఫైళ్ళు వేరేచోట దాచి, ఎక్స్‌ఫ్యాట్‌గానో ఎన్.టి.ఎఫ్.ఎస్.గానో ఫార్మాట్ చేస్తే సరిపోతుంది.

తెర మీద ఒక్క వాక్యం చూసి డిస్కు పోయిందనుకున్నాము. ఒక్క కథ విని లోకం కిల్డాల్ ఓడిపోయాడనుకుంది. పరీక్షలో ఒక్కసారి తప్పిన మన తోటి విద్యార్థిని కూడా మనం అలాగే అనుకుంటున్నామేమో ఆలోచించండి. కారణం వెతకకుండా ఎవరినీ పనికిరారని తీసిపారేయకూడదు. ఇదే కిల్డాల్ జీవితం నుంచి మనం నేర్చుకోవలసిన పాఠం.