వర్షమాపకములో మంచు

జార్జి జేమ్సు సైమన్సు 1838లో లండను నగరమున జన్మించెను. ఇంగ్లండు, వేల్సులలో 168 చోట్ల కురిసిన వానలెక్కలను కూర్చి 1860వ సంవత్సరపు తొలి పట్టికను వెలువరించెను. ఆ పనికై 1863లో ప్రభుత్వోద్యోగమునే వదలుకొనెను.

ఆయనకు లెక్కలు పంపువారిలో పెక్కురు పెరటిలో వర్షమాపకము నుంచుకొన్న గృహస్థులు. వానతో వారికి చిక్కులేదు. ఎప్పుడో కురియు మంచు మాత్రము గరాటులోనే నిలిచిపోవును. తలకొక తీరున కొలిచినచో ఆ అంకెలను పోల్చుటెట్లు? కొలిచిన వేడినీటిని పోసి మంచును కరగించి, మొత్తమునుండి ఆ నీటిని తీసివేయుడని సైమన్సు నియమము చేసెను. కాదేని, గాలికి పోగుపడని చోట గరాటును బోర్లించి, అందు చిక్కిన మంచును కరగించి కొలువవచ్చును.

1900లో ఆయన కన్నుమూయునాటికి అట్టి పరిశీలన కేంద్రములు 3,000 దాటెను. వేడినీరు, ఓపిక ఉన్న ప్రతి గృహస్థుడును ఆ శాస్త్రమున భాగస్వామి యయ్యెను.