కొండదారిని అందరిదిగా చేసిన వెలోసియో

ఎత్తైన దారి యెదురైనప్పుడు సైకిలు దిగి, దానిని చేతితో నెట్టుకొని పోవుట మనకందరకును అలవాటే. కాళ్ళలో సత్తువ చాలలేదని మనలను మనమే నిందించుకొందుము. లోపము కాళ్ళది కాదు, యంత్రముదని గ్రహించి, ఆ మాటను నిరూపించుటకు సుమారు నలుబదియేండ్లు పాటుపడిన మహనీయుడొకడు ఫ్రాన్సుదేశమున ఉండెను. ఆయన పేరు పాల్ ద వివీ. వెలోసియో అను కలము పేరుతోనే లోకము ఆయనను ఎరుగును. ఆయన చరిత్రమును మా విద్యార్థులకును, వారి తలిదండ్రులకును సంగ్రహముగా తెలుపవలెనని మేము తలచితిమి.

పాల్ ద వివీ 1853వ సంవత్సరము ఏప్రిల్ 29వ తేదీన దక్షిణ ఫ్రాన్సులోని పెర్న్ అను చిన్న పట్టణమున జన్మించెను. ప్రాచీన గ్రంథములయందు ఆయనకు మిక్కిలి ప్రీతి. అయినను బ్రతుకుతెరువునకై పట్టువ్యాపారమును చేపట్టి సెంత్-ఎతియెన్ నగరమున స్థిరపడెను. ఆ నగరము బొగ్గుగనులకును, తుపాకుల కర్మాగారములకును, పట్టు రిబ్బనులకును ప్రసిద్ధి చెందినది. నగరమునకు దక్షిణమున పిలా పర్వతములు గోడవలె నిలిచియున్నవి. ఊరు దాటి ఆ దిక్కునకు పోవువానికి ఎక్కుడుదారి తప్పదు. ఆ భూమియే వెలోసియోకు గురువాయెను.

1881లో ఆయన తన మొదటి సైకిలును కొనెను. నాటి సైకిలు నేటిదానివలె ఉండెడిది కాదు. ముందుచక్రము మనిషి రొమ్ముదాక ఉండును, వెనుకచక్రము మిక్కిలి చిన్నది, పెడళ్ళు ముందుచక్రమునకే బిగించియుండును, చెయిను లేదు. ఆరు గంటలలో నూరు కిలోమీటర్లు పోగలవా యని స్నేహితుడొకడు పందెము వేయగా, ఆయన లా షేజ్ద్యో వైపునకు కొండలలో పడి బయలుదేరెను. లా షేజ్ద్యో సముద్రమట్టమునకు వేయి మీటర్లకు పైని, పురాతన మఠము చుట్టును వెలసిన గ్రామము. పందెము మాట యెట్లున్నను, ఆ కొండగాలియు, ఆ అడవుల నిశ్శబ్దమును ఆయన మనస్సును పట్టుకొన్నవి. సైకిలు పరుగుపందెములకు మాత్రమే కాదు, దేశమును కన్నులార చూచుటకు తగిన సాధనమని ఆనాడే ఆయనకు తోచెను.

1887లో ముప్పదినాలుగేండ్ల వయస్సున పట్టువ్యాపారమును వదలి, ఆయన సైకిళ్ళ వ్యాపారము ప్రారంభించెను. సైకిళ్ళ తయారీకి అప్పుడు పేరుపొందిన ఇంగ్లాండులోని కోవెంట్రీ నగరమునకు పోయి, అక్కడి పనిని పరిశీలించి వచ్చెను. అదే సంవత్సరము ఒక పత్రికను గూడ స్థాపించెను. కొలదికాలములోనే దానికి 'లె సిక్లీస్త్' అను పేరు స్థిరపడెను. ఇంతటితో తృప్తినొందక, 1889లో 'లా గోల్వాజ్' అను పేర తన సొంత సైకిలును తయారుచేయించెను.

ఆ సైకిలుకు గేరు ఒక్కటే. నగరమునకు దక్షిణమున 1161 మీటర్ల యెత్తున కోల్ ద లా రెపుబ్లీక్ అను కనుమ కలదు. ఒకనాడు వెలోసియో ఆయాసపడుచు ఆ కనుమనెక్కుచుండగా, ఆయన పత్రికను చదువువాడొకడు, తాపీగా పైపు త్రాగుచు, తేలిక గేరుగల సైకిలుపై ఆయనను దాటిపోయెనని ఒక కథ చెప్పుదురు. అంతట ఆయన ఆలోచనలో పడెను. ఎక్కుడునకు తేలిక గేరు హితము. సమతలమున బరువు గేరు హితము. ఒకే సైకిలునందు రెండును ఏల ఉండరాదు?

ఈ విషయమును మన విద్యార్థులు లెక్కవేసి చూడవచ్చును. సైకిలు చక్రము చుట్టుకొలత సుమారు 2 మీటర్లనుకొందము. ముందు పళ్ళచక్రమునకు 48 పళ్ళు, వెనుకదానికి 16 పళ్ళు ఉన్నచో, పెడలును ఒక్క చుట్టు త్రిప్పినంతనే చక్రము మూడు చుట్లు తిరిగి, సైకిలు 6 మీటర్లు పోవును. ముందు 30, వెనుక 30 పళ్ళు ఉన్నచో ఒక్క చుట్టునకు 2 మీటర్లే పోవును; కాని త్రొక్కుటకు కావలసిన బలము మూడవవంతునకు తగ్గును. కొండ యెత్తు తగ్గలేదు. ఎక్కువాని పనియు తగ్గలేదు. పెద్ద బరువును చిన్న మూటలుగా కట్టి పెక్కుసార్లు మోసినట్లు, ఆ పని చిన్న వంతులుగా పంచబడినదంతే.

వెలోసియో మొదట ముందువైపున రెండు పళ్ళచక్రములు పెట్టించి, కొండ మొదట దిగి, చెయినును చేతితో ఒకదానినుండి మరియొకదానికి మార్చుకొనుచుండెను. పిమ్మట కుడి యెడమలందు రెండు చెయినులుగల సైకిళ్ళను పరీక్షించెను. ఆపై దిగకుండగనే చెయినును ఒక పళ్ళచక్రమునుండి వేరొకదానికి తప్పించు సాధనములకై శ్రమించెను. ఎవరు క్రొత్త పరికరము చేసినను దానిని తానే కొండదారులలో నడిపి, గుణదోషములను పత్రికలో ప్రకటించుచుండెను.

ఆనాటి కొండదారులకు తారు లేదు. కొట్టిన కంకరను పరచి అణచిన బాటలు. వేసవిలో దుమ్ము, వానలో బురద. సన్నని గట్టి టైర్లే వేగమునకు మేలని పలువురు నమ్మియుండగా, వెడల్పైన మెత్తని టైరు రాతిదెబ్బను తానే మింగును గనుక శరీరము అలయదనియు, వేగమును తగ్గదనియు ఆయన వాదించెను.

ఇట్టి మాటలకు ఎదురు లేకపోలేదు. గేర్లు ముసలివారికిని, బలహీనులకును తగినవనియు, కండబలముతో గెలుచుటయే పౌరుషమనియు నాటి పందెగాండ్రు తలచుచుండిరి. 1902లో ఫ్రాన్సు టూరింగ్ క్లబ్ కొండదారులలో సైకిళ్ళకు ఒక పరీక్ష పెట్టెను. మార్త్ ఎస్ అను స్త్రీ గేర్లుగల లా గోల్వాజ్ సైకిలునెక్కి, దారిలో ఎచ్చటను కాలు నేల మోపక దానిని ముగించెను. అయినను హెన్రీ దెగ్రాంజ్ అను పత్రికాసంపాదకుడు గేర్లను పరిహసించుటను మానలేదు. మరుసటి యేట టూర్ ద ఫ్రాన్స్ అను ప్రసిద్ధమైన పందెమును స్థాపించినవాడు ఈతడే. ఆ పందెమున అటువంటి గేర్లకు 1937వరకు అనుమతి లభింపలేదు.

ఈ వివాదమున తేలవలసినది ఒక్క ఇనుపముక్క సంగతి కాదు. కొండ యెవరిదను ప్రశ్న అది. బలిష్ఠులైన కొలదిమందిదా? లేక స్త్రీలు, వృద్ధులు, దినమెల్ల పనిచేసి అలసిన గుమాస్తాలు మొదలగు వారందరిదా? వెలోసియో రెండవ పక్షమును అవలంబించెను. కోపముతో గాక, తన నడవడితో బదులు చెప్పెను. శాకాహారియై, మితముగా జీవించుచు, తెల్లవార్లు సైకిలు త్రొక్కి రోన్ నదీలోయవెంట తన ప్రొవాంస్ సీమకు పోయి వచ్చుచుండెను. ఆయన వెంట శిష్యబృందమొకటి ఏర్పడెను.

వారికి ఆయన చెప్పిన హితవులు కొన్ని కలవు. ఆకలియు దాహమును బాధించుటకు ముందే కొంచెము కొంచెముగా పుచ్చుకొనవలెనని. తొలి గంటలలో బలమునంతను వ్యయపరుపరాదని. ఆకలియు నిద్రయు చెడునంతటి అలసటను తెచ్చుకొనరాదని. అన్నింటికిని మించి, ఇతరులకు గొప్ప చూపుటకై త్రొక్కరాదని వాని సారాంశము. గేర్లను పరిహసించినవారికి ఈ కడపటి మాటయే తగిన సమాధానమని మాకు తోచును.

1922లో ఆయన గౌరవార్థము కోల్ ద లా రెపుబ్లీక్ కనుమను సైకిళ్ళపై ఎక్కు ఉత్సవమొకటి మొదలాయెను. అప్పటికి ఆయనకు అరువది తొమ్మిదవ యేడు. 1930లో సెంత్-ఎతియెన్ వీధిలో సైకిలును చేతితో నడిపించుకొని దారి దాటుచుండగా, ట్రాముబండి తగిలి ఆయన మరణించెను. ఎన్నో కనుమలను కీడు లేక దాటినవానికి చదునైన వీధిలో ఇట్టి అంతము కలుగుట విచారకరము. గేర్లకు పందెములలో అనుమతి దొరకుటను ఆయన చూడలేదు. కనుమపై ఆయన స్మారకచిహ్నము నిలుపబడినది.

నేడు ఫ్రాన్సుదేశపు కొండపల్లెలలో తారుబాటలను విడిచి, కంకరదారులను, అడవిబాటలను వెదకికొని పోవు యాత్రికులు అనేకులు కలరు. వారి వాహనములకు గ్రావెల్ సైకిళ్ళని పేరు. వెడల్పైన టైర్లు, మిక్కిలి తేలికయైన గేర్లు వాని ముఖ్యలక్షణములు. ఈ రెండింటికొరకే వెలోసియో తన జీవితకాలమున వాదించెను. నేడు ఆ గేరును వాడుటకు ఎవ్వరును సిగ్గుపడరు. తగిన సాధనమును చేతబట్టుట బలహీనత కాదనియు, దానిని పరిహసించి నలుగురిని కొండ మొదటనే నిలిపివేయుట పౌరుషము కాదనియు ఆయన జీవితము మనకు తెలుపుచున్నది. విద్యార్థులారా, మీరును ఎక్కవలసిన కొండలు ముందు కలవు. తగిన గేరును ఎన్నుకొనుడు, నెమ్మదిగా త్రొక్కుడు, దిగవలదు.